డేవిడ్ కార్ ఎందుకు నిలదొక్కుకోలేకపోయాడు: హ్యూస్టన్ టెక్సన్స్ తొలి క్వార్టర్‌బ్యాక్‌పై ఒక కేస్ స్టడీ

2002 ఏప్రిల్‌లో హ్యూస్టన్ టెక్సన్స్ అనే కొత్త జట్టు, ఆ ఏడాది అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో (జట్లు కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) అందరికన్నా ముందు ఎంచుకునే హక్కును వాడుకుని, ఫ్రెస్నో స్టేట్ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ (బంతిని విసిరి జట్టు దాడిని నడిపించే ఆటగాడు) డేవిడ్ కార్‌ను తీసుకుంది. 2007 మార్చిలో అదే జట్టు అతన్ని వదిలేసింది. మధ్యలోని అయిదు సీజన్లలో అతను 75 ఆటలను ప్రారంభించాడు; వాటిలో 22 గెలిచారు, 53 ఓడారు. ఆ అయిదేళ్లలో ప్రత్యర్థులు అతన్ని 249 సార్లు శాక్ చేశారు, అంటే బంతి విసరకముందే, ఆట మొదలయ్యే గీత వెనుకనే పడగొట్టారు. మొదటి ఏడాది పడిన 76 శాక్‌లు ఎన్ఎఫ్ఎల్‌లో ఒకే సీజన్‌లో ఒకే ఆటగాడికి పడిన శాక్‌లలో ఇప్పటికీ అత్యధికం. అంతకుముందు 1986లో ర్యాండల్ కన్నింగ్‌హమ్ పేరిట 72తో ఆ రికార్డు ఉండేది.

నేను టెక్సస్‌లో హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్‌ల ఆటను వీడియోలో విడదీసి, వారి అడుగులు, చూపు, విసిరే సమయం ఎలా ఉన్నాయో కోచ్‌లకు చూపించే పని చేస్తాను. హ్యూస్టన్ శివార్లలోని కేటీ, షుగర్ ల్యాండ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ ఆటను పిల్లల ద్వారా పరిచయం చేసుకుంటున్న వారు ఇప్పుడు తక్కువేమీ కాదు. వారితో మాట్లాడినా, ఇక్కడే పుట్టి పెరిగిన పాత అభిమానులతో మాట్లాడినా, కార్ ప్రస్తావన వచ్చిందంటే రెండే రెండు తీర్పులు వినిపిస్తాయి. కాపాడే లైన్ (క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి ప్రత్యర్థులను అడ్డుకునే అయిదుగురు) లేక ఒక మంచి ఆటగాడు నాశనమయ్యాడన్నది మొదటిది. అసలు అతనిలోనే ఆ స్థాయి లేదని, లైన్‌ను సాకుగా చూపిస్తున్నారని అనేది రెండోది. రెండింటికీ గట్టి ఆధారాలు ఉన్నాయి, కాబట్టే ఈ వాదన ఇన్నేళ్లయినా తెగలేదు. నా ఉద్దేశంలో ఈ రెండు తీర్పులూ వేర్వేరు సంవత్సరాలకు వర్తిస్తాయి. మొదటిది 2002కు నిజం, రెండోది 2006కు నిజం. ఒకదాని నుంచి మరొకటి ఎలా పుట్టిందన్నదే ఈ కేసులో తేల్చవలసిన విషయం.

లైన్ కట్టకముందే వచ్చిన క్వార్టర్‌బ్యాక్

హ్యూస్టన్ ఆయిలర్స్ జట్టు 1996 సీజన్ తరువాత టెనెసీకి తరలిపోయాక ఆ నగరానికి కొన్నేళ్లు ఎన్ఎఫ్ఎల్ జట్టే లేదు. బాబ్ మెక్‌నెయిర్ యజమానిగా, చార్లీ క్యాసర్లీ జనరల్ మేనేజర్‌గా, డామ్ కేపర్స్ హెడ్ కోచ్‌గా టెక్సన్స్ ఏర్పడింది. కొత్త జట్టు కోసం 2002 ఫిబ్రవరిలో ప్రత్యేక డ్రాఫ్ట్ జరిగింది. మిగతా జట్లు తాము వదులుకోవడానికి సిద్ధపడిన ఆటగాళ్ల జాబితా ఇస్తే, అందులోంచి టెక్సన్స్ ఏరుకోవాలి. అక్కడ వారు మొట్టమొదట తీసుకున్నది జాక్సన్‌విల్ జాగ్వార్స్ లెఫ్ట్ టాకిల్ టోనీ బొసెల్లీని. ఆ ఎంపిక వెనక ఆలోచన తప్పు కాదు. కుడిచేతి క్వార్టర్‌బ్యాక్ విసరడానికి వెనక్కి అడుగులు వేసినప్పుడు అతని ఎడమ వైపు నుంచి వచ్చేవాడు కనిపించడు. ఆ కనిపించని వైపును కాసేవాడే లెఫ్ట్ టాకిల్, ఆ కాలంలో బొసెల్లీ ఆ స్థానంలో అత్యుత్తముల్లో ఒకడు. 2022లో అతనికి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అయితే టెక్సన్స్ అతన్ని తీసుకునేనాటికే అతని భుజం దెబ్బతిని ఉంది. హ్యూస్టన్ తరఫున ఒక్క ఆట కూడా ఆడకుండానే అతను 2003లో విరమించుకున్నాడు.

ఆ ఖాళీని నింపడానికి అదే ఏడాది రెండో రౌండ్‌లో తీసుకున్న చెస్టర్ పిట్స్‌ను మొదటి ఆట నుంచే లెఫ్ట్ టాకిల్‌గా నిలబెట్టారు. పిట్స్ తరువాతి కాలంలో చాలా ఏళ్లు నమ్మకంగా ఆడిన లైన్‌మన్, అతన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ కొత్త క్వార్టర్‌బ్యాక్, కొత్త లెఫ్ట్ టాకిల్, ఎన్నడూ కలిసి ఆడని మిగతా నలుగురు ఒకేసారి బరిలోకి దిగారు. ఒఫెన్సివ్ లైన్ అంటే అయిదుగురు బలవంతులు పక్కపక్కన నిలబడటం కాదు. ఎదుటి జట్టు ఎక్కడి నుంచి ఎవరిని పంపుతుందో గుర్తించి, ఎవరు ఎవరిని పట్టుకోవాలో క్షణంలో పంచుకోవడమే దాని అసలు పని, అది కలిసి ఆడిన అనుభవంతో తప్ప రాదు.

2002 సెప్టెంబర్ 8న తొలి ఆటలో టెక్సన్స్ డాలస్ కౌబాయ్స్‌ను 19-10తో ఓడించి నగరాన్ని ఉర్రూతలూగించింది. కార్ తన మొదటి టచ్‌డౌన్ పాస్‌ను (ప్రత్యర్థి వైపు మైదానం చివరికి చేరి పాయింట్లు తెచ్చే పాస్‌ను) బిల్లీ మిల్లర్‌కు విసిరాడు. కానీ ఆ సీజన్ అసలు రూపం డిసెంబర్‌లో పిట్స్‌బర్గ్‌లో బయటపడింది. అక్కడ టెక్సన్స్ 24-6తో గెలిచింది. ఆ గెలుపులో బంతి చేతిలో ఉన్నప్పుడు వారు సాధించినది మొత్తం 47 గజాలు; పాయింట్లు తెచ్చింది డిఫెన్స్. అంటే ఆనాటికే కోచ్‌లు క్వార్టర్‌బ్యాక్‌ను ఏమీ చేయనివ్వకుండా ఆటను దాటించుకునే స్థితికి చేరారు. సీజన్ 4-12తో, అంటే నాలుగు గెలుపులు, పన్నెండు ఓటములతో ముగిసింది. కార్ పదహారు ఆటలూ ఆడాడు, 52.5 శాతం పాస్‌లు తన జట్టువారికి చేర్చాడు, 9 టచ్‌డౌన్‌లకు 15 ఇంటర్‌సెప్షన్‌లు (ప్రత్యర్థులు పట్టేసిన పాస్‌లు) ఇచ్చాడు. అన్ని దెబ్బలు తింటూ ఒక్క ఆటైనా మానకపోవడం చిన్న విషయం కాదు. అతని ధైర్యం గురించి తేలిగ్గా మాట్లాడేవారి మీద నాకు కోపం వస్తుంది.

ఒక వివరాన్ని చాలామంది పట్టించుకోరు. ఆ సీజన్‌లో టెక్సన్స్ ఒఫెన్సివ్ కోఆర్డినేటర్ (బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆటను నడిపించే కోచ్) క్రిస్ పామర్. 1999లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కొత్తగా తిరిగి వచ్చినప్పుడు ఆ జట్టుకు హెడ్ కోచ్ ఇతనే. ఆ ఏడాది బ్రౌన్స్ కూడా డ్రాఫ్ట్ మొదటి ఎంపికగా టిమ్ కౌచ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది, అతనికి తొలి సీజన్‌లోనే 56 శాక్‌లు పడ్డాయి. కౌచ్ కథ కూడా త్వరగానే ముగిసింది. ఇందులో పామర్ ఒక్కడినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు, రెండు చోట్లా అతని చేతికి వచ్చినది కొత్త జట్ల సామగ్రే. అయితే ఒకే ప్రమాదాన్ని మూడేళ్ల ముందు దగ్గరి నుంచి చూసిన మనిషి పక్కనే ఉన్నప్పుడు, ఏడాది పాటు టోనీ బ్యాంక్స్ వంటి అనుభవజ్ఞుడిని ఆడించి కార్‌ను పక్కన కూర్చోబెట్టాలన్న ఆలోచన గట్టిగా ముందుకు రావలసింది. కొత్త జట్టుకు టికెట్లు కొన్న నగరం మొదటి ఎంపికను బెంచీ మీద చూడటానికి ఒప్పుకోదన్న ఒత్తిడి ఉంటుందని తెలుసు. ఆ ఒత్తిడికి లొంగడమే మొదటి తప్పు అని నా అభిప్రాయం.

శాక్ ఎవరి ఖాతాలో వేయాలి

ఈ కేసును అర్థం చేసుకోవడానికి ఒక సాంకేతిక విషయం దగ్గర కాస్త ఆగాలి. శాక్ పడితే తప్పు లైన్‌దే అని చూసేవారు సహజంగా అనుకుంటారు. నిజానికి అది ఉమ్మడి ఖాతా. లైన్ రెండున్నర సెకన్లు కాచినా క్వార్టర్‌బ్యాక్ నాలుగు సెకన్లు బంతి పట్టుకుంటే శాక్ పడుతుంది. ఎదుటివారు అదనంగా ఒకరిని పంపినప్పుడు, ఆ మనిషి వదిలి వచ్చిన ఖాళీలోకి బంతిని వెంటనే వదలవలసిన బాధ్యత క్వార్టర్‌బ్యాక్‌దే. రిసీవర్లు (పాస్‌లు అందుకునేవారు) సమయానికి ప్రత్యర్థుల నుంచి విడివడకపోయినా, పిలిచిన ప్లే ఎక్కువ సేపు పట్టేదైనా శాక్ పడుతుంది.

దీనికి మంచి ఉదాహరణ పేటన్ మ్యానింగ్. 1998లో అతని తొలి సీజన్‌లో ఇండియానపోలిస్ కోల్ట్స్ గెలిచింది మూడే ఆటలు, అతను 28 ఇంటర్‌సెప్షన్‌లు ఇచ్చాడు. కానీ 575 పాస్‌లు విసిరిన ఆ ఏడాదిలో అతనికి పడిన శాక్‌లు 22 మాత్రమే. మ్యానింగ్ ఒత్తిడి వచ్చినప్పుడు బంతిని వదిలేసేవాడు. ఆ అలవాటుకు ఆ ఏడాది ఇంటర్‌సెప్షన్‌ల రూపంలో మూల్యం చెల్లించాడు, కానీ చూపును మైదానం మీదే నిలిపి ఉంచడం నేర్చుకున్నాడు. కార్ దానికి విరుద్ధంగా, బంతిని పోగొట్టుకోకూడదని గట్టిగా పట్టుకుని, ఏదో ఒకటి తెరుచుకుంటుందని వేచి చూసేవాడు. కళాశాలలో అది అతనికి పనిచేసింది. 2001లో ఫ్రెస్నో స్టేట్‌లో 46 టచ్‌డౌన్‌లు విసిరినప్పుడు, అతని బలమైన చేయి ఆలస్యంగా తెరుచుకున్న రిసీవర్‌ను కూడా అందుకునేది.

అందువల్ల మొత్తం శాక్‌ల సంఖ్య కన్నా, విసరడానికి వెనక్కి తగ్గిన ప్రతి నూరు సార్లలో ఎన్నిసార్లు పడ్డాడన్న లెక్క ముఖ్యం. శాక్‌లను, విసిరిన పాస్‌లను కలిపి నేను వేసిన లెక్క ప్రకారం 2002లో అది దాదాపు 14.6 శాతం. గాయాల వల్ల 11 ఆటలే ప్రారంభించిన 2003లో అది 4.8 శాతానికి పడిపోయింది. 2004లో 9.5, 2005లో 13.8, 2006లో 8.5. ఈ వరుసను చూడగానే లైన్ సిద్ధాంతాన్ని నమ్మేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. 2003లో శాక్‌లు అంతగా తగ్గడానికి లైన్ ఒక్క ఏడాదిలో ఉత్తమంగా మారిపోలేదు. నాలుగో రౌండ్‌లో దొరికిన డొమానిక్ డేవిస్ ఆ ఏడాది 1,031 గజాలు పరుగెత్తి ప్రత్యర్థులను పరుగు మీద కూడా కన్నేసేలా చేశాడు, పాస్‌ల సంఖ్య తగ్గింది, కార్ బంతిని తొందరగా వదిలాడు. అంటే పరిస్థితులు కాస్త సాయపడితే అతను పడకుండా ఆడగలడు.

చూపు కిందికి వాలినప్పుడు

నా పనిలో అన్నిటికన్నా ముందు గమనించేది క్వార్టర్‌బ్యాక్ కళ్లు. ఆరోగ్యంగా ఆడేవాడి చూపు దూరంగా, డిఫెన్స్ వెనుక వరుస మీద ఉంటుంది. దగ్గరికి వస్తున్న వారిని అతను చూడడు, పాదాలతో, పక్క చూపుతో పసిగడతాడు. వరుసగా దెబ్బలు తిన్నవాడి కళ్లు నెమ్మదిగా కిందికి దిగి, తనను కొట్టడానికి వచ్చేవారి మీద నిలుస్తాయి. అక్కడి నుంచి అన్నీ చెడిపోతాయి. పైన తెరుచుకున్న రిసీవర్ కనబడడు, ఒత్తిడి లేని చోట కూడా పాదాలు కుదురుగా ఉండవు, పాకెట్ (లైన్ తన చుట్టూ కాపాడే చోటు) పదిలంగా ఉన్నా అందులోంచి పారిపోయి తనంతట తానే శాక్‌లోకి వెళ్తాడు. ఎదురుదెబ్బ తిన్న బ్యాట్స్‌మన్ ఆ తరువాత ప్రతి బౌన్సర్‌కూ లెగ్ సైడ్‌కు తప్పుకుంటాడే, అచ్చం అలాంటిదే. అది పిరికితనం కాదు, శరీరం నేర్చుకున్న పాఠం. అందుకే మాటలతో, ధైర్యం చెప్పడంతో అది పోదు.

కార్ ఆటలో ఈ మార్పు ఎప్పుడు స్థిరపడిందన్నది వాదనకు కేంద్రం. నేను 2004ను ముఖ్యంగా చూపిస్తాను. ఆ ఏడాది అతను 3,531 గజాలు విసిరాడు, 61.2 శాతం పాస్‌లు చేర్చాడు, ఒక్కో పాస్‌కు సగటున దాదాపు 7.6 గజాలు వచ్చాయి. 2003 డ్రాఫ్ట్‌లో మూడో ఎంపికగా తీసుకున్న రిసీవర్ ఆండ్రే జాన్సన్ 79 పాస్‌లు పట్టి 1,142 గజాలు సాధించాడు. జట్టు 7-9తో ముగించింది, చివరి ఆటలో సొంత మైదానంలో క్లీవ్‌లాండ్ చేతిలో ఓడకపోయి ఉంటే 8-8 అయ్యేది. 49 శాక్‌లు పడినా, ఆ ఏడాది కార్ దూరం చూసి విసిరాడు. తొలి సీజన్ అతన్ని పూర్తిగా పాడుచేసి ఉంటే 2004 సాధ్యమయ్యేది కాదు. అలాగే అతనిలో మొదటి నుంచీ సత్తువ లేకపోయి ఉంటే కూడా 2004 సాధ్యమయ్యేది కాదు. రెండు పక్షాల వారూ ఈ సీజన్ గురించి మాట్లాడకుండా తప్పించుకోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

2005లో అంతా కూలిపోయింది. రెండు ఆటలు ఓడగానే పామర్‌ను తొలగించి, లైన్ కోచ్ జో పెండ్రీకి ఒఫెన్స్ బాధ్యత అప్పగించారు. జట్టు తొలి ఆరు ఆటలూ ఓడి చివరికి 2-14తో మిగిలింది. కార్‌కు 68 శాక్‌లు పడ్డాయి. ఒక్కో పాస్‌కు వచ్చే గజాలు 7.6 నుంచి 5.9కి దిగజారాయి, అంటే దాదాపు 2002 స్థాయికి. ఒకసారి కోలుకున్న మనిషిని మళ్లీ అదే చోటికి తోసేశారు. పైగా ఈసారి అతను ఏమీ తెలియని కొత్తవాడు కాదు. ఏం జరగబోతోందో ముందే తెలిసినవాడు. రెండోసారి పడిన దెబ్బ మొదటిదానికన్నా లోతుగా దిగుతుందని నేను చిన్న స్థాయి ఆటగాళ్లలో కూడా చూశాను. మొదటిసారి వారు తమను తాము నమ్ముకుని లేస్తారు. రెండోసారి తమ చుట్టూ ఉన్న వ్యవస్థ మీద నమ్మకం పోతుంది, నమ్మకం లేని చోట ఏ క్వార్టర్‌బ్యాక్ కూడా పాకెట్‌లో నిలబడడు.

అందంగా కనిపించిన 2006

2006లో డెన్వర్ నుంచి గ్యారీ క్యూబియాక్ హెడ్ కోచ్‌గా వచ్చాడు. జట్టు కార్ ఒప్పందాన్ని పొడిగించుకుంది. డ్రాఫ్ట్ మొదటి ఎంపికతో రెజ్జీ బుష్‌ను గానీ, హ్యూస్టన్‌వాసి అయిన క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్‌ను గానీ కాకుండా డిఫెన్స్ ఆటగాడు (డిఫెన్సివ్ ఎండ్) మారియో విలియమ్స్‌ను తీసుకుంది. అంటే కార్ మీద ఇంకా ఆశ పెట్టుకుంది. ఆ ఏడాది అతను 68.3 శాతం పాస్‌లు చేర్చి లీగ్ మొత్తంలో ప్రథముడిగా నిలిచాడు. ఈ అంకెను చూపించి, అతను కోలుకున్నాడని, జట్టే తొందరపడి వదిలేసిందని వాదించేవారు ఉన్నారు.

నవంబర్ 19న బఫెలో బిల్స్‌తో ఆట ఈ వాదనకు నా సమాధానం. ఆ రోజు కార్ వరుసగా 22 పాస్‌లు గురి తప్పకుండా చేర్చి, అదే సీజన్‌లో మార్క్ బ్రూనెల్ టెక్సన్స్ మీదే నెలకొల్పిన రికార్డును సమం చేశాడు. ఆ ఆటలో బఫెలో క్వార్టర్‌బ్యాక్ జె.పి. లాస్‌మన్, లీ ఎవాన్స్‌కు 83 గజాల టచ్‌డౌన్ పాస్‌లు రెండు విసిరాడు. టెక్సన్స్ 24-21తో ఓడింది. ముప్పై సార్లు విసిరిన కార్‌కు మొత్తం వచ్చినవి 223 గజాలు. ప్రత్యర్థికి రెండు పాస్‌లతోనే 166 గజాలు వచ్చాయి. వరుస రికార్డు అబద్ధం కాదు, కానీ దాన్ని సాధించిన పాస్‌లలో ఎక్కువ భాగం దగ్గరలో ఉన్నవారికి వెంటనే వదిలేసినవి.

సీజన్ మొత్తం కూడా అదే చెబుతుంది. ఆండ్రే జాన్సన్ ఆ ఏడాది 103 పాస్‌లు పట్టి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు, కానీ సాధించిన గజాలు 1,147. 2004లో 79 పాస్‌లకు వచ్చిన గజాలకన్నా అయిదే ఎక్కువ. కార్‌కు ఒక్కో పాస్‌కు సగటు 6.3 గజాలు. పడతాననే భయం పోలేదు, అది చిన్న పాస్‌ల రూపంలోకి మారింది. పైపెచ్చు శాక్‌లు 41 పడ్డాయి. బంతిని అంత తొందరగా వదిలేవాడికి అన్ని శాక్‌లు పడకూడదు. మొదటి చిన్న పాస్ దొరకనప్పుడు అతని దగ్గర రెండో ఆలోచన మిగల్లేదని దీని అర్థం.

ఇది క్యూబియాక్ పద్ధతి ఫలితం తప్ప కార్ తప్పు కాదని ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. అయితే దానికి మరుసటి ఏడాదే పరీక్ష జరిగింది. 2007 మార్చిలో టెక్సన్స్ అట్లాంటా ఫాల్కన్స్‌కు రెండు రెండో రౌండ్ ఎంపికలు ఇచ్చి, మొదటి రౌండ్‌లో స్థానాలు మార్చుకుని, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ మైకేల్ విక్ వెనుక మూడేళ్లు బెంచీ మీద ఉన్న మ్యాట్ షాబ్‌ను తెచ్చుకుంది. కోచ్ అతనే, పద్ధతి అదే, లైన్‌లో పిట్స్, ఫ్రెడ్ వియరీ, ఎరిక్ విన్‌స్టన్, ఎఫ్రాయిమ్ సలామ్ వంటి పాత ముఖాలే. పైగా ఆండ్రే జాన్సన్ గాయంతో ఏడు ఆటలకు దూరమయ్యాడు. అయినా షాబ్ 289 పాస్‌లలో 66 శాతానికి పైగా చేర్చి, పాస్‌కు 7.8 గజాల చొప్పున సాధించాడు. అతనికి పడిన శాక్‌లు 16, అంటే 5.2 శాతం. జట్టు మొట్టమొదటిసారి 8-8కు చేరింది. 2006 నాటికి లోపం కార్ ఆటలోకే చేరిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆధారం దొరకదు. కరోలినా పాంథర్స్‌లో 2007లో అతను ప్రారంభించిన నాలుగు ఆటల్లో మూడు ఓడిపోయాయి. కొత్త లైన్ వెనుక కూడా శాక్ శాతం 8.7గానే ఉంది. ఆ తరువాత న్యూయార్క్ జెయింట్స్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రత్యామ్నాయ క్వార్టర్‌బ్యాక్‌గా కొనసాగి, 2011 సీజన్‌లో మళ్లీ జెయింట్స్‌లో ఈలై మ్యానింగ్ వెనుక ఉంటూ లీగ్ తుది పోరు సూపర్ బౌల్ గెలిచిన జట్టులో సభ్యుడయ్యాడు. గౌరవంగానే విరమించాడు, అయితే మొదటి ఎంపిక నుంచి ఆశించినది అది కాదు.

2005 వసంతంలో చేయవలసినది

షాబ్ ఉదాహరణను చూపి, చూశారా, లోపం మొదటి నుంచీ కార్‌దే అనేవారితో నేను ఏకీభవించను. షాబ్ వచ్చింది మూడేళ్లు చూసి నేర్చుకుని, దెబ్బలు తినకుండా. అతన్ని 2002 సెప్టెంబర్‌లో ఆ లైన్ వెనుక నిలబెట్టి చూడలేం. బంతిని ఎక్కువసేపు పట్టుకునే అలవాటు కార్ వెంట తెచ్చుకున్నదే, దాన్ని కాదనను. చేతిని పక్కకు తెచ్చి విసిరే అతని తీరు కూడా ఎత్తైన లైన్‌మన్ల మీదుగా బంతి దాటించడానికి అంత అనువైనది కాదు. కానీ ఇవి దిద్దుకోగల లోపాలు. దిద్దుకుంటున్నాడనడానికి 2004 సాక్ష్యం. అందుకే నా లెక్కలో ఈ కేసులో అసలు నిర్ణయం 2005 వసంతంలో, ఆ ఏడాది డ్రాఫ్ట్‌కు ముందు, డ్రాఫ్ట్ రోజున జరిగింది.

49 శాక్‌లతో 7-9కు చేరిన జట్టుకు ఏది కావాలో తెలియడానికి నిపుణులు అక్కర్లేదు. క్యాసర్లీకి కూడా తెలుసు. సెయింట్ లూయిస్ రామ్స్ లెఫ్ట్ టాకిల్ ఒర్లాండో పేస్‌ను తెచ్చుకోవాలని ప్రయత్నించారు, అతను చివరికి రామ్స్‌తోనే ఉండిపోయాడు. ఆ ప్రయత్నం విఫలమయ్యాక మరో దారి వెతకవలసింది. అలా కాకుండా, డ్రాఫ్ట్‌లోని తమ రెండో, మూడో రౌండ్ ఎంపికలను ఓక్లాండ్ రైడర్స్‌కు ఇచ్చి డిఫెన్స్‌లో ఆడే కార్నర్‌బ్యాక్ ఫిలిప్ బుకానన్‌ను తెచ్చుకున్నారు. అంతకు ముందటి ఏడాది కూడా ఇలాగే రెండు, మూడు, నాలుగు రౌండ్ల ఎంపికలను టెనెసీకి ఇచ్చేసి, జేసన్ బాబిన్ అనే డిఫెన్స్ ఆటగాడి కోసం మొదటి రౌండ్ చివరికి ఎక్కారు. మంచి లైన్‌మన్లు తరచూ దొరికే రౌండ్లు రెండు, మూడు. వరుసగా రెండేళ్లు ఆ రౌండ్లలో తొలి ఎంపికలను డిఫెన్స్ కోసం ఖర్చుపెట్టారు.

ఇప్పటి జట్లు ఇలాంటి స్థితిలో ఏం చేస్తున్నాయో పోల్చి చూడవచ్చు. 2024లో చికాగో బేర్స్ మొదటి ఎంపిక కేలబ్ విలియమ్స్‌కు తొలి సీజన్‌లో సరిగ్గా 68 శాక్‌లు పడ్డాయి. అతను కూడా బంతిని ఎక్కువసేపు పట్టుకునేవాడే. 2025 వసంతంలో బేర్స్ గార్డులు జో తూనీ, జోనా జాక్సన్‌లను ఇతర జట్ల నుంచి, సెంటర్ డ్రూ డాల్మన్‌ను ఒప్పందం ముగిసి స్వేచ్ఛగా ఉన్న ఆటగాళ్లలోంచి తెచ్చి, లైన్ మధ్యభాగాన్ని మొత్తంగా మార్చేసింది. ఒఫెన్స్‌ను ఎరిగిన బెన్ జాన్సన్‌ను హెడ్ కోచ్‌గా నియమించింది. ఆ తరువాతి సీజన్‌లో అతనికి పడిన శాక్‌లు బాగా తగ్గాయి. క్వార్టర్‌బ్యాక్ అలవాటును, లైన్‌ను ఒకేసారి సరిచేయడానికి పూనుకున్నారు. ఒకటి సరిదిద్దేదాకా మరొకటి ఆగాలని కూర్చోలేదు.

టెక్సన్స్‌కు 2005లో మరో అవకాశం ఇంకా చేతిలోనే ఉంది. మొదటి రౌండ్‌లో వారిది 13వ ఎంపిక. దాన్ని న్యూఆర్లియన్స్ సెయింట్స్‌కు ఇచ్చి 16కు దిగారు, బదులుగా మరుసటి ఏడాది మూడో రౌండ్ ఎంపిక తీసుకున్నారు. 16వ స్థానంలో వారు తీసుకున్నది డిఫెన్సివ్ లైన్‌మన్ ట్రావిస్ జాన్సన్‌ను. 13వ స్థానంలో సెయింట్స్ తీసుకున్నది ఓక్లహోమా విశ్వవిద్యాలయం టాకిల్ జమాల్ బ్రౌన్‌ను. అతను మొదటి ఏడాదే ఆడి, తరువాత ప్రో బౌల్ అనే మేటి ఆటగాళ్ల ఆటకు ఎంపికయ్యాడు. ఆ మొదటి రౌండ్ చివర్లో న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్‌కు లోగన్ మ్యాంకిన్స్ అనే గార్డు దొరికాడు. అతనూ ఫ్రెస్నో స్టేట్‌వాడే, కార్ చదివిన చోటే. సెయింట్స్ నుంచి వచ్చిన మూడో రౌండ్ ఎంపికతో టెక్సన్స్ 2006లో ఎరిక్ విన్‌స్టన్‌ను తీసుకుంది. అతను 2007 నుంచి 2011 వరకు రైట్ టాకిల్‌గా ఒక్క ఆట కూడా తప్పకుండా ఆడాడు. అంటే టెక్సన్స్ చివరికి ఆ మార్పిడిలోంచి ఒక మంచి టాకిల్‌ను సంపాదించింది; అతను స్థిరపడే సమయానికి కార్ కరోలినాలో ఉన్నాడు.